దత్తాంశ రకము అనగానేమి?

కంప్యూటరు మెమరీలో సంఖ్యలు, అక్షరములు అన్నియు 0, 1 అను బిట్ల వరుసలుగానే ఉండును. ఉదాహరణకు 01000001 అను వరుసను తీసికొందము. ద్విసంఖ్యామానములో చదివినచో అది 64+1, అనగా 65. ఆస్కీ సంకేతము ననుసరించి చదివినచో అదే ఇంగ్లీషు అక్షరమాలలోని మొదటి పెద్దక్షరము. రెంటిలో ఏది సరియైనదో బిట్లు చెప్పవు. దత్తాంశ రకము చెప్పును. ఎన్ని బిట్లు వాడవలెనో, ఏ పరిక్రియలు చేయదగునో నిర్ణయించునదియు అదియే.

ప్రతి రకమునకు ఒక హద్దు కలదు. ధన, ఋణ సంఖ్యలు రెంటిని చూపు 16 బిట్ల పూర్ణసంఖ్యా రకములో −32,768 మొదలు 32,767 వరకే ఇముడును. దశాంశ భాగము గల సంఖ్యలకు వాడు 64 బిట్ల రకములో ఇంతకంటె ఎంతో పెద్ద విలువలు ఇముడును. మానికలో కుంచెడు గింజలు పట్టవు గదా!

1996 జూన్ 4వ తేదీన ఐరోపావారి ఆరియాన్-5 రాకెట్టు తొలిసారి ఎగిరినది. దాని క్షితిజ సమాంతర వేగమునకు సంబంధించిన 64 బిట్ల విలువను 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చబోగా, అది హద్దు దాటినది. దిశను తెలుపు సాధనములు నిలిచిపోయినవి. బయలుదేరిన సుమారు 40 సెకన్లకే రాకెట్టు ధ్వంసమైనది. ఆ ప్రోగ్రాము భాగము అంతకు ముందు ఆరియాన్-4లో చక్కగా పనిచేసినదే. కాని ఆ రాకెట్టు క్షితిజ వేగము తక్కువ.

కావున రకమును ఎన్నుకొనునపుడు విద్యార్థి రెండు ప్రశ్నలు వేసికొనవలెను: ఈ విలువ దేనిని సూచించును? అది ఎంతవరకు పెరుగగలదు?