అమ్మకి ఓ జలపాతం చూపిద్దాం!

చలి ‘శివశివా’ అనుకుంటూ వెళ్లిపోయింది. ఎండలింకా ముదరలేదు. పిల్లల పరీక్షలకి కాస్త వ్యవధి ఉంది. ఈలోగా ఒక్క ఆదివారం ఇంటిల్లిపాదీ ఏదైనా జలపాతానికి వెళ్లొస్తే? ఆలోచన బాగానే ఉంది. మరి ఈ రోజుల్లో ఏ జలపాతంలో నీళ్లుంటాయి? మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎక్కడిదాకా నడవగలరు? బయల్దేరేముందు ఈ రెండు ప్రశ్నలూ వేసుకుంటే చాలు, ప్రయాణం సగం పూర్తయినట్టే!

‘‘గా నీళ్లు పైకెల్లి పడేది నేనెప్పుడు సూస్త బిడ్డా?’’

పోయిన ఆదివారం టీవీలో ఏదో పాట వస్తుంటే మా అమ్మ అన్న మాట ఇది. మామూలుగానే అంది. కానీ బోరబండలోని మా రెండు గదుల ఇంట్లో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ నావైపు చూసింది. నేను పేపర్లో తల దూర్చాను. ఎందుకంటే... తప్పు నాది.

కిందటేడు మార్చి నెల మధ్యలో అందరం కలిసి కుంటాల వెళ్లాం. ఎవరో పంపిన ఫొటో చూసి పుట్టిన ఆలోచన అది. ఫొటోలో జలపాతం పాలనురగలా పొంగిపోతోంది. ఇంకేం? తెల్లవారుజామున నాలుగింటికే కారులో బయల్దేరాం. కామారెడ్డి, నిర్మల్ దాటి, నేరడిగొండ దగ్గర జాతీయ రహదారి దిగి అడవిలోకి వెళ్లాం. అక్కడిదాకా అంతా బాగానే ఉంది. జలపాతం దగ్గరికి దిగాలంటే సుమారు నాలుగొందల మెట్లు! అమ్మ పది మెట్లు దిగి, మోకాలు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. ‘‘మీరు పోయిరాండ్రి. చెప్పులు, సంచులు నేన్ సూస్త’’ అంది.

కిందికి దిగి చూస్తే... నల్లటి బండలు. వాటి మీద ఓ పక్కగా సన్నటి ధార. మా చిన్నోడు ‘ఇదేనా?’ అన్నాడు. పైకొచ్చాక అమ్మ అడిగింది, ‘మంచిగున్నదా?’ అని. ‘బాగుందమ్మా’ అన్నాను. వాడు నిజం చెప్పేశాడు.

ఆ అనుభవమే ఈసారి మాకు పాఠం.

ఫొటో ఏ నెలది?

కుంటాలని తప్పు పట్టాల్సిన పనిలేదు. ఆదిలాబాద్ జిల్లాలో కడెం నది మీద సుమారు 45 మీటర్ల ఎత్తునుంచి దూకే ఈ జలపాతం తెలంగాణలోని ఎత్తయినవాటిలో ఒకటి. వానాకాలంలోనూ, ఆ తర్వాత రెండు మూడు నెలలూ దాన్ని చూడటానికి రెండు కళ్లూ చాలవు. కానీ మన నదులూ వాగులూ హిమాలయాల్లో పుట్టినవి కావు. మంచు కరిగి నీరు రావడమన్నది మన దగ్గర ఉండదు. పడిన వాన, అడవి నేల దాచుకుని మెల్లమెల్లగా వదిలే ఊట... అంతే మన జలపాతాల ఆస్తి. దసరాకి నిండుగా ఉన్న ధార సంక్రాంతికి సగమవుతుంది. శివరాత్రి నాటికి చిక్కిపోతుంది. శివరాత్రికి కుంటాల దగ్గరి సోమేశ్వరస్వామిని దర్శించుకోవడానికి భక్తులు పెద్ద సంఖ్యలో వెళతారు. ఆ యాత్ర వేరు, జలపాతం కోసం చేసే యాత్ర వేరు.

ములుగు జిల్లా వాజేడు మండలంలోని బొగతదీ ఇదే కథ. దాని అందమంతా జులై నుంచి నవంబరు దాకానే. శ్రీశైలం దారిలో నల్లమల అడవిలో ఉన్న మల్లెలతీర్థం కూడా ఎండలు మొదలయ్యేసరికి చిక్కిపోతుంది. పైగా అక్కడా వందల మెట్లు దిగాలి.

అందుకే ఎవరైనా జలపాతం ఫొటో చూపిస్తే ముందు అడగాల్సిన ప్రశ్న... ‘ఇది ఏ నెలలో తీసింది?’

వానల్లోనే వెళ్తే పోలా?

‘అయితే ఆగస్టులోనే వెళ్దాం’ అన్నాడు మా బావ. వినడానికి బాగుంది. కానీ వాగులు పొంగే కాలంలో పెద్దవాళ్లనీ, పిల్లల్నీ తీసుకుని అడవిలోకి వెళ్లడం ఆషామాషీ వ్యవహారం కాదు. 2023 జులైలో ములుగు జిల్లాలోని ముత్యంధార జలపాతం చూడటానికి వెళ్లిన పదులకొద్దీ పర్యాటకులు, తిరుగుదారిలో వాగు పొంగడంతో అడవిలోనే చిక్కుకుపోయారు. రాత్రంతా వానలో గడిపినవాళ్లని ఎన్డీఆర్ఎఫ్ బృందం బయటకు తీసుకురావాల్సి వచ్చింది. కుంటాల మడుగుల్లో ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు మా పేపర్లోనే ఎన్నిసార్లు రాశామో!

అలా చూస్తే ముసలివాళ్లున్న ఇంటికి మాఘం చివర, ఫాల్గుణం మొదలే మంచి కాలం. రోడ్లు పొడిగా ఉంటాయి. బండలు జారవు. దారి పొడుగునా మోదుగులు ఎర్రగా పూసి ఉంటాయి. కావాల్సిందల్లా ఈ కాలంలో కూడా నీళ్లుండే జలపాతం ఒక్కటే!

పేరు ఎత్తిపోతల... నీళ్లు కిందికే!

అలాంటిది హైదరాబాద్‌కి సుమారు 165 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. నాగార్జునసాగర్ దాటాక, మాచర్ల వైపు పది, పదకొండు కిలోమీటర్లు వెళితే ఎత్తిపోతల. పేరు వినగానే మోటార్లూ పైపులూ గుర్తొస్తాయి కానీ, ఇది అచ్చమైన జలపాతం. యతులు తపస్సు చేసిన ‘యతి తపో తలం’ కాలక్రమంలో ఎత్తిపోతల అయిందని స్థానికులు చెబుతారు. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు... మూడూ కలిసి సుమారు 70 అడుగుల ఎత్తునుంచి లోయలోకి దూకుతాయి. అక్కణ్నుంచి మూడు కిలోమీటర్లు పారి కృష్ణలో కలుస్తాయి.

ఉద్యోగరీత్యా కొన్నేళ్ల కిందట ఓ ఫిబ్రవరిలో అక్కడికి వెళ్లాను. చుట్టూ కొండలన్నీ ఎండి గోధుమరంగులో ఉన్నాయి. మధ్యలో మాత్రం తెల్లగా నీళ్లు దూకుతూనే ఉన్నాయి. రహస్యం ఏమిటంటే... ఏడాది పొడుగునా పర్యాటకులు చూసేలా పైనున్న కాలువల నుంచి ఈ వాగులోకి నీళ్లు వదులుతారు. అంటే సాగర్ నీళ్లే ఈ జలపాతానికి ఊపిరన్నమాట.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. జలపాతాన్ని చూడటానికి లోయలోకి దిగక్కర్లేదు. ఎదురుగా ఉన్న కొండ మీద పర్యాటకశాఖ వ్యూ పాయింట్ కట్టించింది. బండి దిగాక కొద్ది దూరం నడిస్తే చాలు, మొత్తం కళ్లముందే ఉంటుంది. ఓపికున్నవాళ్లు లోయలో ఉన్న దత్తాత్రేయ ఆలయానికి దిగి వెళ్లొచ్చు. లేనివాళ్లు పైనే కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు.

ఒక్క నిరాశ మాత్రం ఉంది. దాన్ని పిల్లలకు ముందే చెప్పేయాలి. ఇక్కడ నీళ్లలో ఆడటానికి లేదు. కింది మడుగు మొసళ్లకు ఆవాసం. చూసి ఆనందించడమే తప్ప తడిసి ఆనందించడం కుదరదు!

నయాగరాకీ తప్పలేదు

‘కాలువ నీళ్లు వదిలితే పడేది కూడా జలపాతమేనా?’ అని మా పెద్దమ్మాయి పెదవి విరిచింది. ఎనిమిదో తరగతి కదా, అన్నిటికీ ప్రశ్నే! ప్రపంచం మొత్తం మెచ్చిన నయాగరా సంగతి చెప్పాక కానీ ఊరుకోలేదు.

అమెరికాలో పిల్లలున్న మన అమ్మానాన్నలు అక్కడికి వెళితే నయాగరా ముందు రెయిన్‌కోటు వేసుకుని ఓ ఫొటో దిగనిదే తిరిగిరారు. ఆ జలపాతానికీ లెక్క ఉంది. 1950లో అమెరికా, కెనడాలు ఓ ఒప్పందం చేసుకున్నాయి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, అంటే పర్యాటకులు ఎక్కువగా వచ్చే నెలల్లో, పగటివేళల్లో లక్ష క్యూసెక్కులకు తగ్గకుండా నీరు జలపాతంలో పడాలి. రాత్రిపూటా, చలికాలంలోనూ 50 వేల క్యూసెక్కులు ఉంటే చాలు. మిగతాది విద్యుత్ కేంద్రాలకు మళ్లుతుంది. అంటే మార్చిలో వెళ్లినవాళ్లు చూసేది సీజన్లో పగలు చూసేదాంట్లో సగమే కావచ్చు!

ఎక్కడైనా అంతే. నీటి మీద పొలానికి హక్కుంది, కరెంటుకి హక్కుంది. మన కంటికి మిగిలేది వాటి తర్వాతే. అందుకే సాగర్‌లో నీళ్లు తక్కువగా ఉన్న ఏడాదో, కాలువలు కట్టేసిన రోజుల్లోనో ఎత్తిపోతల కూడా సన్నబడొచ్చు. బయల్దేరే ముందురోజు అక్కడి పర్యాటకశాఖ హోటల్‌కి ఓ ఫోన్ కొట్టి ‘ధార ఎలా ఉంది?’ అని అడిగితే సరి. కిందటేడు నేను చేయనిది అదే.

ఒక్కరోజు... ఇలా!

బోరబండ నుంచి ఉదయం అయిదున్నరకల్లా బయల్దేరాలి. ఆ వేళలో అమీర్‌పేట, పంజగుట్టల్లో సిగ్నళ్ల బెడద ఉండదు. ఎల్బీనగర్ మీదుగా సాగర్ రోడ్డు పట్టుకోవచ్చు. లేదంటే గచ్చిబౌలి దగ్గర అవుటర్ ఎక్కి బొంగుళూరు గేటు దగ్గర దిగొచ్చు. ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, చింతపల్లి, మల్లేపల్లి, పెద్దవూర... ఇదీ దారి. మధ్యలో టిఫిన్‌కి అరగంట ఆగినా పదింటికల్లా ఎత్తిపోతల చేరొచ్చు.

ముందు జలపాతం చూడాలి, మిగతావన్నీ తర్వాతే. పన్నెండు దాటితే ఈ కాలంలోనూ ఆ కొండ మీద ఎండ చుర్రుమంటుంది. తిరిగొచ్చేటప్పుడు డ్యామ్ దిగువన వంతెన మీదుగా వస్తుంటే సాగర్ నిండుగా కనబడుతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు ఇది. 26 గేట్లూ తెరిచిన దృశ్యం మాత్రం ఇప్పుడు ఆశించొద్దు. అది కృష్ణకు వరదలొచ్చే రోజుల ముచ్చట.

మధ్యాహ్నం ఒక్కటే చూడాలి. నాగార్జునకొండ మ్యూజియానికి లాంచీలో వెళితే రానూపోనూ సగం పూట పడుతుంది. జలాశయంలో నీటిమట్టం బాగా తగ్గితే లాంచీలు నడవవు. అది కుదరకపోతే, మునిగిపోయిన ఇక్ష్వాకుల నాటి కట్టడాలను తరలించి తిరిగి నిలబెట్టిన అనుపు ఉంది. హిల్‌కాలనీ వైపు 2022లో ప్రారంభమైన బుద్ధవనం ఉంది. అన్నీ చూడాలనుకుంటే పిల్లలు అలుగుతారు, పెద్దలు అలిసిపోతారు. నాలుగింటికి తిరుగు ప్రయాణమైతే రాత్రి భోజనాల వేళకి ఇల్లు చేరొచ్చు.

ఇవి మరవొద్దు

* ఎత్తిపోతల ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లాలో ఉంది. కిరాయి బండి మాట్లాడేటప్పుడే పక్క రాష్ట్రంలోకి వెళ్లే పర్మిట్, పన్ను ఎవరు భరించాలో తేల్చుకోండి. చెక్‌పోస్టు దగ్గర వాదులాట మంచిది కాదు.

* బస్సులో వెళ్లేవాళ్లు ఎర్రగడ్డలో మెట్రో ఎక్కితే నేరుగా ఎంజీబీఎస్‌లో దిగొచ్చు. అయితే తెల్లవారుజామున మెట్రో ఉండదు, చూసుకోవాలి. సాగర్ దాకా ఆర్టీసీ బస్సులున్నాయి. తెలంగాణ మహిళలకు ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి ఉచిత ప్రయాణం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గరుండాలి. సరిహద్దు దాటితే అది వర్తించదు. సాగర్ నుంచి రానూపోనూ ఆటో మాట్లాడుకోవడం మేలు.

* పెద్దవాళ్ల మందులు, మోకాలి పట్టీ, మడత కుర్చీ, టోపీలు, మంచినీళ్లు... ఇవి ముందురోజు రాత్రే సర్దుకోవాలి. పొద్దున్నే పెట్టుకుంటే ఏదో ఒకటి మర్చిపోతాం.

* పదో తరగతి, ఇంటర్ పిల్లలున్న ఇంట్లో ఈ ప్రయాణం పరీక్షలయ్యాకే. పుస్తకం ఒళ్లో పెట్టుకుని చూసే జలపాతం ఎవరికీ ఆనందాన్నివ్వదు!

ఎవరి అడుగు చిన్నదో...

ఇన్ని లెక్కలేశాక మాకు అర్థమైందొకటే. కుటుంబంతో వెళ్లే ప్రయాణాన్ని అందరికన్నా వేగంగా నడిచేవాళ్లని చూసి కాదు, అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లని చూసి ఖాయం చేయాలి. వాళ్లు చేరగలిగిన చోటికి మిగతావాళ్లు ఎలాగూ చేరతారు.

వచ్చే ఆదివారమే మా ప్రయాణం. పులిహోరా, పెరుగన్నం అని మా ఆవిడ తేల్చేసింది. సకినాలు చేయందే కదిలేది లేదని అమ్మ పట్టు. పిండి కలుపుతూనే నెమ్మదిగా అడిగింది... ‘‘గీసారి మెట్లెన్ని ఉన్నయ్ బిడ్డా?’’

నేను జవాబు చెప్పేలోపే చిన్నోడు అందుకున్నాడు.

‘‘ఎన్నైనా నీకేంటి నానమ్మా? ఈసారి చెప్పులూ సంచులూ నేను చూస్తా. నువ్వెళ్లి చూసిరా!’’