జాకీ ఎత్తడానికే... మోయడానికి కాదు!

ఇంటి దగ్గర కారు పని చేసుకునేవారు తెలుసుకోవలసిన సంగతులు

గుంటూరు: ఒకప్పుడు ఊళ్లోకి కారు వచ్చిందంటే ఎన్నికలైనా వచ్చి ఉండాలి, ఎవరింట్లోనైనా పెళ్లయినా జరుగుతూ ఉండాలి. 1983లో మారుతి 800 వచ్చాక ఆ రోజులు మెల్లగా మారాయి. ఇప్పుడు పల్లెల్లోనూ ఇళ్ల ముందు కార్లు కనిపిస్తున్నాయి. చిన్న పనికి కూడా పట్నంలో షెడ్డుకు తీసుకెళితే ఒక పూట పని పోతుంది, డబ్బూ పోతుంది. అందుకని చక్రాలు మార్చుకోవడం, బ్రేకులు చూసుకోవడం, ఇంజను ఆయిలు మార్చుకోవడం వంటివి వాకిట్లోనే చేసుకునే కుర్రవాళ్లు ఉన్నారు. పని నేర్చుకోవడం మంచిదే. కానీ కారును పైకి లేపే దగ్గర ఏమరుపాటుగా ఉంటే పోయేది డబ్బు కాదు, ప్రాణం.

పాతకాలంలో ఎడ్లబండి ఇరుసుకు కందెన వేసేటప్పుడు మన పెద్దలు ఏం చేసేవారో గుర్తు చేసుకోండి. బండిని భుజం పెట్టి ఎత్తేది మనిషి. ఎత్తిన బండిని నిలబెట్టేది కింద పెట్టిన ఊత. ఊత కుదురుకున్నాకే చక్రం లాగేవారు. కారుకూ అదే సూత్రం. భుజం స్థానంలో జాకీ వచ్చింది. ఊత స్థానంలో స్టాండు ఉండాలి. చాలామంది జాకీ కొంటున్నారు, స్టాండు మరచిపోతున్నారు.

మూడు రకాల జాకీలు

కారుతోపాటు డిక్కీలో వచ్చేది సాధారణంగా కత్తెర జాకీ. మర తిప్పితే కత్తెరలా ముడుచుకుని పైకి లేస్తుంది. దారిలో పంక్చరైతే స్టెప్నీ మార్చుకోవడానికి మాత్రమే అది పనికొస్తుంది. రెండోది బాటిల్ జాకీ. లారీల దగ్గర, ట్రక్కు ట్రాలీల దగ్గర చూస్తుంటాం. బలమైనదే గాని నిలువుగా ఎత్తుగా ఉంటుంది, కాబట్టి చిన్న కార్ల కింద దూరదు. మూడోది ట్రాలీ జాకీ. నాలుగు ఇనుప చక్రాల మీద దొర్లుతుంది. పొడవాటి హ్యాండిలు కొడితే చెయ్యి చాచినట్టుగా దాని ముందు భాగం పైకి లేస్తుంది. ఇంటి పనికి అనువైనది ఇదే.

ఈ ట్రాలీ జాకీల్లోనే మామూలువి ఉన్నాయి, 'లో ప్రొఫైల్' అనేవి ఉన్నాయి. లో ప్రొఫైల్ అంటే మరేం కాదు, పూర్తిగా దించినప్పుడు నేలకు బాగా దగ్గరగా అణిగి ఉండేది. మామూలు ట్రాలీ జాకీ దించినా అయిదు అంగుళాల పైన ఉంటే, లో ప్రొఫైల్ జాకీ మూడు, మూడున్నర అంగుళాలకు దిగుతుంది.

గుక్కెడు నూనె - గంపెడు బరువు

ఒక మనిషి ఒంటి చేత్తో కారును ఎలా లేపగలుగుతున్నాడు? జాకీ లోపల రెండు గొట్టాలు ఉంటాయి. ఒకటి సన్నం, ఒకటి లావు. మధ్యలో నూనె. సన్న గొట్టంలో నూనెను నొక్కితే ఆ ఒత్తిడి లావు గొట్టంలోనూ అంతే ఉంటుంది. లావు గొట్టం వైశాల్యం ఇరవై రెట్లు ఎక్కువైతే బలమూ ఇరవై రెట్లవుతుంది. బదులుగా అది ఇరవయ్యో వంతు మాత్రమే కదులుతుంది. అందుకే అన్నిసార్లు హ్యాండిలు కొట్టాలి. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశస్తుడు పాస్కల్ చెప్పిన సూత్రం ఇది. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా దీన్ని ఆధారం చేసుకుని 1795లో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందాడు.

ఇందులోనే ప్రమాదమూ ఉంది. కారు బరువంతా ఆ నూనె మీద, దాన్ని ఆపే చిన్న రబ్బరు వాచర్ల మీద ఆగి ఉంటుంది. వాచరు అరిగినా, వాల్వులో నలుసు పడినా నూనె జారుతుంది, కారు కిందికి దిగుతుంది. కొత్త జాకీ కదా అని దాన్ని నమ్మి కారు కింద దూరకూడదు.

టేపు పట్టుకుని కొలవండి

జాకీ కొనబోయే ముందు చేయవలసిన పని దుకాణంలో లేదు, మన వాకిట్లో ఉంది. కారు డోర్ల కింద అంచున జాకీ పెట్టడానికి సాధారణంగా నాలుగు చోట్ల గుర్తులు ఉంటాయి. నేల నుంచి ఆ చోటు ఎంత ఎత్తులో ఉందో కొలవండి. ఇక్కడితో ఆగకూడదు. టైరులో గాలి ఉన్నప్పటి కొలత వేరు, పోయినప్పటి కొలత వేరు.

ఉదాహరణకు టైరు మీద 165/80 ఆర్ 14 అని ఉందనుకోండి. టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు. అందులో నూటికి 80 వంతులు, అంటే 132 మిల్లీమీటర్లు టైరు పక్క గోడ ఎత్తు. సుమారు అయిదుంపావు అంగుళాలు. గాలి పూర్తిగా పోతే ఈ గోడ నలిగిపోయి, ఆ మూల కారు రెండున్నర నుంచి మూడు అంగుళాల దాకా కిందికి కూర్చుంటుంది. గాలి ఉన్నప్పుడు జాకీ పెట్టే చోటు ఏడున్నర అంగుళాల ఎత్తులో ఉంటే, గాలి పోయాక మిగిలేది నాలుగున్నర అంగుళాలే. అయిదుంపావు అంగుళాల జాకీ అందులో ఎలా దూరుతుంది? మూడుంపావు అంగుళాలదైతే దూరుతుంది. లో ప్రొఫైల్ జాకీ అవసరం ఇక్కడే తెలుస్తుంది. ఎత్తుగా ఉండే జీపు తరహా బండ్లకు ఈ ఇబ్బంది తక్కువ. వాటికి మామూలు జాకీ చాలు. అనవసరంగా ఎక్కువ డబ్బు పెట్టనక్కరలేదు.

కింది కొలత చూసి పైకొలత మరచిపోకూడదు. స్టాండ్లు పూర్తిగా దించినా సాధారణంగా పది, పదకొండు అంగుళాల ఎత్తు ఉంటాయి. అవి పట్టాలంటే కారు ఇంకా పైకి లేవాలి. పైగా కారు లేస్తుంటే చక్రం వెంటనే నేల విడవదు, స్ప్రింగు సాగి కిందికి వేలాడుతుంది. కాబట్టి కనీసం 14, 15 అంగుళాల దాకా లేచే జాకీ తీసుకోవాలి.

టన్నుల లెక్క

దుకాణంలో మొదట చెప్పేది టన్నుల సంగతే. చిన్న కార్ల బరువు టన్నుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఒక మూల ఎత్తినప్పుడు కారు బరువంతా జాకీ మీద పడదు, ఇంచుమించు మూడో వంతు పడుతుంది. ఇంజను ముందు ఉంటుంది కనుక ముందు భాగం మొత్తం ఎత్తితే సగానికి మించి పడుతుంది. చిన్న కారుకు రెండు టన్నుల జాకీ సరిపోతుంది. పెద్ద కుటుంబాల బండ్లకు, జీపు తరహా వాటికి మూడు టన్నులది మంచిది. ఈ జాకీతోనే ధాన్యం నింపిన ట్రక్కును లేపుదామనుకోవడం తప్పు.

మన నేల సంగతి

ట్రాలీ జాకీ గచ్చు నేలకోసం పుట్టింది. మన జిల్లాలో నల్లరేగడి వాకిళ్లు ఎక్కువ. వానాకాలంలో మనిషి కాలే దిగబడుతుంది, ఇనుప చక్రాలు దిగబడవా?

ఇందులో మరో కిటుకు ఉంది. జాకీ చెయ్యి తిన్నగా పైకి లేవదు, వంపు తిరుగుతూ లేస్తుంది. అందుకని ఎత్తుతున్నకొద్దీ జాకీ తన చక్రాల మీద కొద్దిగా ముందుకు దొర్లాలి. మట్టిలో చక్రాలు కూరుకుపోతే దొర్లలేదు. అప్పుడు జాకీ తల కారు అంచు నుంచి పక్కకు జారుతుంది. కారు కింద పడుతుంది.

గచ్చు లేనివారు ముప్పావు అంగుళం మందం ప్లైవుడ్డు పలకను గట్టి నేలమీద సమంగా పరచి, దానిపై జాకీ పెట్టాలి. పలక మందాన్ని లెక్కలో కలుపుకోవాలి సుమా! మూడుంపావు అంగుళాల జాకీ పలక మీద నాలుగు అంగుళాలవుతుంది. స్టాండ్ల కింద కూడా ఇలాంటి పలకలే వేయాలి. పరచిన నాపరాళ్లను నమ్మకూడదు. కింద గుల్లగా ఉంటే బరువుకు పగులుతాయి. గేటు ముందు వాలు మీద కారు ఎత్తడం అసలే పనికిరాదు.

ఇటుకలు ఊత కాదు

జాకీతో ఎత్తి, కింద నాలుగు ఇటుకలో, సిమెంటు దిమ్మెలో పేర్చి లోపల దూరేవారున్నారు. ఇటుక, సిమెంటు దిమ్మె ముందుగా చెప్పి విరగవు. ఒక్కసారిగా పిండి అవుతాయి. ఇనుప స్టాండ్లు జతగా అమ్ముతారు. కారు బరువుకు తగినవి తీసుకోవాలి. వాటి పళ్లు, పిన్నులు సరిగా పట్టుకున్నాయో లేదో చూడాలి. తీసిన చక్రాన్ని డోరు అంచు కింద పడుకోబెడితే అదొక అదనపు రక్షణ.

ఎత్తే పద్ధతి

కారును సమమైన చోట నిలపాలి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచాలి. నేలమీద ఉండే చక్రాలకు ముందూ వెనకా రాళ్లో, చెక్క ముక్కలో అడ్డం పెట్టాలి. చాలా కార్లలో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకే పడుతుంది. వెనక భాగం గాలిలోకి లేపితే ఆ బ్రేకు వల్ల ప్రయోజనం ఉండదు. అప్పుడు ముందు చక్రాలకు అడ్డం తప్పనిసరి. చక్రం నట్లను ఎత్తకముందే కొద్దిగా వదులు చేసుకోవాలి. గాలిలో ఉన్న కారు మీద బలం చూపకూడదు.

జాకీని ఎక్కడ పడితే అక్కడ పెట్టకూడదు. ఆయిల్ చాంబరు కింద పెడితే పగులుతుంది, పల్చటి రేకు కింద పెడితే సొట్ట పడుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో సరైన చోట్లు ఉంటాయి. పాత కారు కొన్నవారి దగ్గర పుస్తకం ఉండకపోవచ్చు. తెలిసిన మెకానిక్కు చేత చూపించుకుని రంగుతో గుర్తు పెట్టుకోవాలి. జాకీ తలకు, కారు అంచుకు మధ్య గాడి ఉన్న రబ్బరు బిళ్ల పెడితే అంచు వంగదు.

కారు లేచాక స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి నెమ్మదిగా దించాలి. తరువాత కారును చేత్తో ఊపి చూడాలి. కదిలితే మళ్లీ ఎత్తి సరిచేయాలి. కదలనప్పుడే కింద దూరాలి. పిల్లలను దూరంగా ఉంచాలి. ఒంటరిగా పని చేయకుండా పక్కన మరో మనిషిని ఉంచుకోవడం మేలు.

దుకాణంలో ఏం చూడాలి?

దించినప్పుడు ఎత్తు, లేపినప్పుడు ఎత్తు, మోసే బరువు జాకీ మీద రాసి ఉన్నాయో లేదో చూడండి. రాసి ఉన్నా టేపుతో కొలవండి. నూనె చెమ్మ ఉంటే వద్దనండి. బరువు మించితే ఆపే వాల్వు ఉందేమో అడగండి. రబ్బరు వాచర్ల కిట్టు విడిగా దొరుకుతుందో లేదో తెలుసుకోండి. లేకుంటే రేపు రిపేరుకు ఆటోనగర్ అంతా తిరిగినా లాభం ఉండదు. మూడు టన్నుల ఇనుప లో ప్రొఫైల్ జాకీ ముప్పై కిలోల దాకా తూగుతుంది. ఇంట్లో దాన్ని జరిపేవారెవరో కూడా ఆలోచించుకోవాలి.

ఇంటికి తెచ్చాక దించి, దుమ్ము పడకుండా ఉంచాలి. నూనె తగ్గితే జాకీకి చెప్పిన హైడ్రాలిక్ ఆయిలే పోయాలి. ఇంట్లో ఉంది కదా అని బ్రేక్ ఆయిలు పోస్తే వాచర్లు ఉబ్బి పాడవుతాయి. వాడిన ఇంజను ఆయిలు పోస్తే అందులోని మడ్డి వాల్వులో చేరుతుంది.

ఇవన్నీ కొనాలంటే ఖర్చే. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి ఒక జాకీ, ఒక జత స్టాండ్లు కొనుక్కుంటే భారం తగ్గుతుంది. రోజూ వాడే సరుకు కాదు కదా! చేతిలో ఉన్న డబ్బు తక్కువైతే ఖరీదైన జాకీ ఒక్కటే కొనకండి. ఒక మోస్తరు జాకీ తీసుకుని, మిగిలిన దానితో స్టాండ్లు కొనండి. రెండూ కొనలేనివారు చక్రం మార్చుకోవడం వరకే ఇంటి దగ్గర చేసుకుని, కారు కింద దూరే పనిని షెడ్డుకే వదిలేయడం క్షేమం.