పనిచోట మాట

తిరువూరు చుట్టుపక్కల మామిడి తోటలున్నాయి. పత్తి చేలు, మిరప చేలు ఉన్నాయి. మిరప కోతలప్పుడు ఆడవాళ్లు తెల్లవారకముందే క్యారేజీలు సర్దుకుంటారు. పదిమందో ఇరవైమందో కలిసి ఆటో ఎక్కుతారు. దాన్నే ముఠా అంటాం.

ఆఫీసు అంటే కుర్చీలు, బల్లలు, ఫ్యాన్లు గుర్తొస్తాయి. ముఠా కూడా ఒక ఆఫీసు లాంటిదే. అందులో మేస్త్రి ఉంటుంది. పని పంచటం ఉంటుంది. జీతం బదులు కూలి ఉంటుంది. కంటికి కనిపించనిది ఇంకొకటి ఉంటుంది. ఎవరు మాట్లాడాలి, ఎవరు నోరు మూసుకోవాలి అనే కట్టుబాటు.

అది ఎలా నడుస్తుందో చూడండి. కూలి ఎంతో రైతు మేస్త్రికి చెబుతాడు. మేస్త్రి ముఠాకు చెబుతుంది. రైతు అసలు ఎంత అన్నాడో కూలీలు చెవులారా వినరు. ఆటో కిరాయి ఎవరిదో తెలియదు. వానొచ్చి మధ్యాహ్నం పని ఆగిపోతే సగం కూలా, పూర్తి కూలా? అడగాలని అందరికీ ఉంటుంది. ఎవరూ అడగరు.

"అడిగితే రేపు ఆటోలో చోటుండదేమో వదినా" అంటుంది ఒకామె, పక్కామె చెవిలో.

సాయంత్రం అరుగు మీద కూర్చుని అదే మాట అందరూ అనుకుంటారు. చేలో మాత్రం అనరు.

మేస్త్రి చెడ్డదని కాదు. నాలుగు చేలు, నలభైమంది లెక్కలు. అన్నీ నోటి లెక్కలే. ఒకరి రోజు ఇంకొకరికి పడుతుంది. అక్కడ అనుమానం పుడుతుంది. దీనికి ఒక చిన్న నోటు పుస్తకం చాలు. తేదీ, రైతు పేరు, వచ్చినవారి పేర్లు, ఒప్పుకున్న కూలి. పని మొదలుకాకముందే గట్టిగా చదవాలి. అప్పుడు రైతూ వింటాడు, కూలీలూ వింటారు.

డ్వాక్రా సంఘాలకు ఇది కొత్త కాదు. డ్వాక్రా 1982లో మొదలైంది. సంఘంలో అందరూ గుండ్రంగా కూర్చుంటారు. తీర్మానం చదివి వినిపించాకే సంతకాలు పెట్టాలి. కొన్నిచోట్ల చదవకుండానే పుస్తకం తిప్పుతారు. వేలిముద్ర వేయటానికీ, చదవకుండా సంతకం పెట్టటానికీ తేడా ఏముంది?

సంఘంలో ధైర్యంగా మాట్లాడిన ఆమే చేలో మాట్లాడదు. సంఘంలో డబ్బు తనది. చేలో రేపటి పని ఇంకొకరి చేతిలో ఉంటుంది.

అరుగు మీద కూడా బయటికి రాని మాట ఒకటుంది. పనిచోట ఎవరైనా వెకిలిగా మాట్లాడితే, చెయ్యి వేస్తే ఆడది ఎవరికి చెప్పుకోవాలి? "నీ తప్పేం లేదా?" అంటారని భయం.

రాజస్థాన్‌లో భన్వరీదేవి అనే గ్రామ కార్యకర్త ఉంది. ఒక బాల్య వివాహాన్ని ఆపబోయింది. అది ఆమె పని. ఆ పగతో తన మీద అత్యాచారం చేశారని 1992లో ఆమె పోలీసులకు చెప్పింది. చాలామంది ఆమెను నమ్మలేదు. అయినా ఆమె మాట మార్చలేదు. మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997లో కోర్టు పనిచోట ఆడవారి రక్షణకు నియమాలు పెట్టింది. 2013లో చట్టం వచ్చింది.

ఆ చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసేచోట యజమాని ఒక కమిటీ వేయాలి. దానికి పెద్దగా ఆడమనిషే ఉండాలి. పదిమంది లేకపోయినా, తప్పు చేసింది యజమానే అయినా జిల్లాలోని స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చు. తిరువూరు 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. జిల్లా కేంద్రం విజయవాడ. అంత దూరం పోలేనివారి కోసం మండలంలోనే ఫిర్యాదు తీసుకునే అధికారి ఉండాలని చట్టం చెబుతోంది. ఆ అధికారి ఏడు రోజులలో దాన్ని కమిటీకి పంపాలి. ఇళ్లలో పనిచేసేవారు కూడా ఫిర్యాదు చేయవచ్చు. పేరు బయటపెట్టకూడదు.

ఫిర్యాదు మూడు నెలలలోపు రాసి ఇవ్వాలి. రాయటం రాకపోతే కమిటీవారే రాయటానికి సాయం చేయాలి. రాయటం వస్తే ఆ రాత్రే రాసుకోవటం మంచిది. ఏ రోజు, ఏ చేను, ఎవరు, ఏమన్నాడు, పక్కన ఎవరున్నారు. నెల దాటితే తేదీలు గుర్తుండవు. కూలి లెక్క రాసే నోటు పుస్తకంలో ఆ రోజు తేదీ ఉంటుంది. ఎవరి చేనో ఉంటుంది. ఆమెతో పనికొచ్చినవారి పేర్లన్నీ ఉంటాయి.