ఎముక మూలుగ – మూత్రపిండములు

మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో నడుము నొప్పి యనగానే బరువు మోయుటవలన కలిగినదని తలచి, అంగడిలో నొప్పి మాత్రలు కొని మ్రింగుట కద్దు. పెక్కుసార్లు ఆ తలపు నిజమే. కాని యెడతెగని నొప్పి ఒక్కొక్కప్పుడు ఎముకలోని మూలుగ వ్యాధికి గుర్తు కావచ్చును.

మూలుగ రక్తకణములు పుట్టు చోటు. మూత్రపిండము ఎరిత్రోపోయిటిన్ అను హార్మోనును పంపి, ఎర్ర కణములను పుట్టించుటకు మూలుగను ప్రేరేపించును. ఇట్టి పొత్తు గలదు కనుక ఒకటి చెడిన రెండవదియు బాధపడును.

మైలోమా అను వ్యాధిలో మూలుగలోని ఒక జాతి కణములు మితిమీరి పెరిగి, వికృతమైన మాంసకృత్తును రక్తములోనికి విడుచును. అది మూత్రపిండముల సన్నని నాళికలలో పేరుకొని వానిని పూడ్చివేయును. ఎముకలు కరిగి రక్తమున కాల్షియము హెచ్చుటయు హానికరమే. దీర్ఘకాలిక రక్త క్యాన్సరులందు కణములు విరివిగా నశించుటచే యూరిక్ ఆమ్లము పెరిగి, మూత్రపిండములలో రాళ్లు ఏర్పడవచ్చును.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము తయారుచేసిన అమినోప్టెరిన్‌తో, బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు గల బాలలకు తాత్కాలికముగా గుణము చూపెను. ఆ సంగతి 1948లో ప్రకటితమైనది. దాని జాతిదే యగు మెథోట్రెక్సేట్ నేడును వాడుకలో నున్నది. అది ముఖ్యముగా మూత్రము ద్వారా వెలువడును గనుక, మూత్రపిండముల శక్తిని చూచియే వైద్యులు మోతాదు నిర్ణయింతురు.

మేము కోరునది ఇంతియే. మానని ఎముకల నొప్పి, నీరసము, నురుగు మూత్రము ఉన్నచో రక్తమును, మూత్రమును పరీక్ష చేయింపవలెను. వైద్యుని అడుగక మ్రింగు నొప్పి మాత్రలు చెడిన మూత్రపిండములను మరింత చెరచును. విద్యార్థులారా! వైద్యుడు వ్రాసిన చీటీలోని సంగతిని ఇంట అవ్వకు తెలుగున విప్పి చెప్పుట మీ వంతు.