కరెంటు వచ్చింది, మోటారు ఎవరు వేశారు?

అర్ధరాత్రి కరెంటు వస్తుంది. బావి దగ్గర చిన్న డబ్బా టక్కుమంటుంది. మోటారు లేస్తుంది. రైతు మాత్రం ఇంట్లో నిద్రపోతూనే ఉంటాడు. ఆ డబ్బాయే ఆటో స్టార్టరు. సూర్యాపేట చుట్టుపక్కల బోరు కింద వరి వేసిన కుటుంబాలకు దాన్ని పరిచయం చేయనక్కరలేదు.

దాన్ని నిందించే ముందు అది ఎందుకు వచ్చిందో న్యాయంగా చెప్పుకోవాలి. 2004లో ఉచిత కరెంటు వచ్చింది గాని, అది రోజుకు ఏడు గంటలే. అదీ విడతలుగా, తరచు రాత్రిపూట. టార్చిలైటు పట్టుకొని గట్ల వెంట పోయి పాము కాటుకు గురైనవారున్నారు. తడి చేత్తో స్టార్టరు ముట్టుకొని ప్రాణం పోగొట్టుకొన్నవారున్నారు. భర్త తిరిగి వచ్చేవరకు మేలుకొని ప్రార్థించిన తల్లులు మన సంఘాల్లో ఎందరో! అలాంటి ఇంటికి ఆ డబ్బా దేవుడిచ్చిన మేలుగా కనిపించింది. కనిపించడమేమిటి, మేలే.

2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. ఇక రాత్రివేళ పొలానికి పరుగెత్తే పని లేదు. డబ్బా మాత్రం ఉండిపోయింది. దాన్ని తీసివేయండని ప్రభుత్వం, విద్యుత్తు శాఖవారు రైతులను కోరారు. ఎందుకంటే దానికి తెలిసినది ఒక్కటే, కరెంటు వచ్చిందని. మడి నిండిందో లేదో తెలియదు. సాయంత్రం వాన పడిందని తెలియదు. మన నేల కింద ఉన్నది గట్టి రాయి. పై పొరలోనూ రాతి పగుళ్లలోనూ నిలిచిన నీరే ఇరుగుపొరుగు బోర్లన్నిటికీ ఆధారం. ఒకరు అవసరానికి మించి తోడితే పక్కవాని బోరు ఎండుతుంది. ఆ సంగతీ దానికి తెలియదు.

తెలియవలసినది మనకు. వెనుకటి రైతు మడిలో పాదం పెట్టి తడి చూసేవాడు. మోటారు శబ్దం మారితే నీళ్లు తగ్గాయని పసిగట్టేవాడు. పని యంత్రానికి అప్పగించడం పాపము కాదు. అయితే పనితోపాటు ఆ చూపు, ఆ తీర్మానం కూడా మనకు తెలియకుండానే చేయి జారిపోయాయి.

ఇద్దరు అన్నదమ్ముల పొలాలు పక్కపక్కన ఉన్నాయనుకొందాం. చిన్నవాని బోరు ఎండింది. "అన్నా, రాత్రంతా నీ మోటారే నడిచింది గదా" అంటాడు. "నేను వెయ్యలేదురా తమ్ముడూ, అదే వేసుకొంది" అంటాడు పెద్దవాడు. ఆ మాట అబద్ధం కాదు. నిజమా?

నిర్గమకాండము 21వ అధ్యాయము తీసి చూడండి. ఎద్దు మనిషిని పొడిచి చంపితే యజమాని నిర్దోషి. కాని అది పొడిచే ఎద్దని అతనికి ముందే తెలియజేసినా అతడు దాన్ని కట్టడి చేయకపోతే, దోషము అతని మీదికే వస్తుంది. గొయ్యి తవ్వి మూయకుండా వదిలినవాని సంగతీ అక్కడే ఉంది. పొరుగువాని ఎద్దో గాడిదో అందులో పడితే నష్టం అతడే ఇచ్చుకోవాలి. ఎద్దు తనంతట తాను కదిలింది, గొయ్యి అసలు కదలనే లేదు. జవాబు చెప్పవలసింది మాత్రం రెండు చోట్లా మనిషే. ముందే తెలిసిందా లేదా అన్నది ధర్మశాస్త్రం అడిగే ప్రశ్న. డబ్బా సంగతి మనకు తెలియదని ఇప్పుడు ఎవరమూ అనలేము.

"మాకు సాగర్ ఎడమ కాలువ ఉంది, ఈ గొడవ మాది కాదు" అని కోదాడ, మిర్యాలగూడ పాఠకులు అనుకోవచ్చు. 1967లో సాగర్ కాలువలకు నీరు వదిలినది మొదలు అక్కడి సేద్యం వేరు. తూము తెరవాలంటే లస్కరు రావాలి, వంతు అడగాలి, మాటా మాటా పెరుగుతుంది కూడా. మనిషి చేతిలో ఉంటే చాలు న్యాయం జరుగుతుందని నేననను. రాత్రిపూట తూము ఎత్తి చివరి భూములను ఎండబెట్టేది యంత్రం కాదు గదా! కాని అక్కడ "ఎవరు ఎత్తారు?" అని అడగవచ్చు. తప్పు ఒప్పుకోవడానికి ఒక మనిషి ఉంటాడు.

వయసు మళ్లినవారికి, ఒంటరిగా సేద్యం చేసే అక్కలకు ఆ డబ్బా ఇంకా సహాయమే. తీసి పారవేయమని వారితో ఎలా అంటాము? చాలా డబ్బాలలో ఆటోను ఆపి చేత్తో వేసుకొనే మీట ఒకటి ఉంటుంది. దాన్ని అటువైపు తిప్పి, తెల్లవారాక ఆ పెద్దవాడు ముందు తన మడి, తరువాత తమ్ముని బోరు చూసి వచ్చి, అప్పుడు వేసుకోవచ్చు.