అలసట, వ్యాయామము, థైరాయిడ్ గ్రంథి

కాన్సర్ చికిత్స పొందినవారిలో పెక్కుమందిని పీడించు బాధ అలసట. "రోజూ నాలుగడుగులు నడచిన ఓపిక అదే వచ్చును" అని బంధువులు సలహా యిత్తురు. సలహా మంచిదే, కాని అన్ని అలసటలకును అది మందు కాదు. థైరాయిడ్ గ్రంథి పని తెలిసినచో ఇందలి కారణము సులభముగా బోధపడును.

ఈ గ్రంథి మెడ ముందు భాగమున, స్వరపేటికకు దిగువగా, సీతాకోకచిలుక ఆకారములో నుండును. రక్తములోని అయొడిన్‌ను గ్రహించి థైరాక్సిన్ అను హార్మోనును తయారుచేయును. శరీరకణములు శక్తిని వినియోగించు వేగము ఈ హార్మోనుపై ఆధారపడి యున్నది. 1914లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ కెండాల్ దీనిని స్ఫటికరూపమున వేరుచేసెను. రక్తములో థైరాక్సిన్ తగ్గినచో, మెదడు అడుగున నున్న పిట్యూటరీ గ్రంథి టి.ఎస్.హెచ్. అను మరొక హార్మోనును హెచ్చుగా విడుదలచేసి థైరాయిడ్‌ను ప్రేరేపించును. కావున రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. హెచ్చుగా నుండుట సాధారణముగా థైరాయిడ్ మందగించినదనుటకు గుర్తు.

కొన్ని కాన్సర్ చికిత్సలు ఈ గ్రంథిని దెబ్బతీయగలవు. గొంతు కాన్సర్ వంటివాటికి మెడపై వికిరణ చికిత్స జరిగిన కొన్ని నెలలకో, సంవత్సరములకో గ్రంథి మందగింపవచ్చును. శరీర రక్షకకణముల కళ్లెమును సడలించి, వానిని కాన్సర్‌పైకి పురికొల్పు ఔషధములును కలవు. వీటికి మూలమైన పరిశోధనలకే జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి లభించినది. కళ్లెము సడలిన ఆ కణములు కొందరిలో థైరాయిడ్‌పై కూడ దాడి చేయును. అప్పుడు అలసట, చలికి ఓర్వలేమి, మలబద్ధకము వంటి లక్షణములు పొడచూపును.

మరి వ్యాయామము చేయున దేమి? అది కండరములకు, గుండెకు పటుత్వము నిచ్చును. కాన్సర్ వలని అలసటను తగ్గించును. వారమునకు మూడుసార్లు, 30 నిమిషముల చొప్పున ఒక మాదిరి వ్యాయామము మేలని 2019లో అంతర్జాతీయ నిపుణులు సూచించిరి. అయినను నశించిన గ్రంథికణములను అది తిరిగి పుట్టింపలేదు. నూనె తగ్గిన దీపములో వత్తిని ఎగద్రోసినంత మాత్రమున వెలుగు నిలువదు గదా! హార్మోను లోపించినవారికి థైరాక్సిన్ మాత్రలే నూనె. ఆ మాత్రల ఫలము పూర్తిగా కనబడుటకు కొన్ని వారములు పట్టును.

కావున నడక మొదలిడినను అలసట తగ్గనివారిని సోమరులని నిందింపరాదు. వైద్యుని సలహాపై చేయించు చిన్న రక్తపరీక్షయే అసలు కారణమును బయటపెట్టవచ్చును. వ్యాయామమును, మందును ఒకదానికొకటి తోడే గాని, ఒకదానికి బదులు మరొకటి కాదు.