బండి వణికితే ముందు అడగవలసిన మూడు ప్రశ్నలు



చంద్రపూర్‌లో చాలామంది పిల్లలు ఈకో, ఓమ్నీ వ్యాన్లలో బడికి వస్తుంటారు. కొందరి ఇళ్లలో బొలెరోలు, పాత సుమోలు ఉన్నాయి. వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. ఇంజిన్ ముందు భాగంలో ఉంటుంది (ఓమ్నీ, ఈకోల్లో ముందు సీట్ల కింద), బండిని నెట్టేవి మాత్రం వెనక చక్రాలు. గేర్ బాక్సు నుంచి వెనక ఇరుసు దాకా శక్తిని మోసే పొడవాటి గొట్టమే ప్రొపెల్లర్ షాఫ్టు.

బండి ఒక వేగం దాటాక వణికితే "రోడ్డు బాగాలేదులే" అని ఊరుకుంటాం. లేదా గ్యారేజీలో ఒకదాని తర్వాత ఒకటి సామాన్లు మార్పిస్తాం. మొదటిది ప్రమాదం, రెండోది డబ్బు దండగ. వణుకు దేనితోపాటు మారుతోందో గమనిస్తే, అది ఎక్కడ పుడుతోందో చాలావరకు తెలిసిపోతుంది. ఈ పరీక్షలు పెద్దవాళ్లే చేయాలి. ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద, బండిలో పిల్లలు లేనప్పుడు చేయాలి.

1. ఇంజిన్‌తోపాటు మారుతోందా?
బండి నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్‌లో రేస్ ఇవ్వండి. అప్పుడు షాఫ్టు తిరగదు. అయినా వణికితే లోపం ఇంజిన్‌లోనో, దాన్ని మోసే ఫౌండేషన్ రబ్బర్లలోనో ఉంటుంది. షాఫ్టు జోలికి పోనక్కర్లేదు.

2. బండి వేగంతో మారుతోందా?
50 వేగంలో మూడో గేరులో ఒకసారి, నాలుగో గేరులో ఒకసారి నడిపి చూడండి. రెండింటిలోనూ వణుకు ఒకేలా ఉంటే లోపం గేర్ బాక్సు తర్వాత ఉన్నట్టు: షాఫ్టు, ఇరుసు, చక్రాలు.

వీటిలో ఏది? పిల్లలూ, ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు అనుకోండి. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. అంటే చక్రం సెకనుకు 8 సార్లు తిరుగుతుంది. వెనక ఇరుసు గేరు నిష్పత్తి 4 అయితే షాఫ్టు సెకనుకు 33 సార్లు తిరుగుతుంది. అందుకే చక్రం వణుకు దడదడమని నెమ్మదిగా తెలుస్తుంది, షాఫ్టు వణుకు పాదాల కింద జుమ్మని సన్నగా తెలుస్తుంది. స్టీరింగు ఊగితే సాధారణంగా ముందు చక్రాలు, సీటు ఊగితే వెనక భాగం అనుమానించాలి.

వానాకాలంలో ముందు రిమ్ము లోపల చూడండి. మన నల్లరేగడి బురద ఒకవైపు అంటుకుని ఎండిపోయినా చక్రం తూకం తప్పుతుంది. నీళ్లతో కడిగితే పోయేదానికి డబ్బు ఖర్చు దేనికి?

3. లాగుడుతో మారుతోందా?
యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఎక్కువై, కాలు తీయగానే తగ్గితే, లేదా బండి కదిలేటప్పుడు 'టక్' మంటే, షాఫ్టు చివర్లలోని క్రాసులు అరిగి ఉండవచ్చు. క్రాసు దగ్గర ఎర్రటి తుప్పు పొడి కనిపించినా అదే సూచన.

ఈ క్రాసు పని తెలుసుకోదగ్గది. గతుకుల్లో ఇరుసు పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి షాఫ్టుకు రెండు చివరలా కీళ్లు కావాలి. స్ప్రింగు నియమంతో మీకు తెలిసిన రాబర్ట్ హుక్ పేరే ఈ కీలుకూ ఉంది. ఒక్క కీలు వంపులో తిరిగితే, అవతలి వైపు ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. 10 డిగ్రీల వంపులో ఈ తేడా అటూ ఇటూ ఒకటిన్నర శాతం. రెండో కీలు ఈ తేడాను సరిచేస్తుంది, కానీ రెండు చివర్ల ఫోర్కులు ఒకే వరుసలో ఉంటేనే. కాబట్టి క్లచ్ పనికోసం షాఫ్టు విప్పితే, విప్పేముందే పెయింటుతో గుర్తు పెట్టించండి. పని చేయించాకే వణుకు మొదలైతే మొదట ఈ వరుసే చూపించండి.

ఆలస్యం ఎందుకు చేయకూడదు? తూకం తప్పిన షాఫ్టు లాగే బలం వేగం వర్గంతో పెరుగుతుంది: 40 నుంచి 80కి వెళితే నాలుగింతలు. ముందు క్రాసు విరిగితే షాఫ్టు కొన రోడ్డుకు తగిలి గుచ్చుకుంటుంది, బండి అదుపు తప్పుతుంది. వ్యాన్లో పదిమంది పిల్లలుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

గ్యారేజీలో మరాఠీలో చెప్పినా, హిందీలో చెప్పినా ఈ నాలుగూ చెప్పండి: ఏ వేగంలో, ఏ గేరులో, ఎక్కడ తెలుస్తోంది, ఎప్పటినుంచి. కాగితం మీద రాసి ఇస్తే ఇంకా మంచిది. జాకీ మీద ఉన్న బండి కిందికి మాత్రం ఎవరూ దూరకండి.

పిల్లలూ, మీ వ్యాన్ వణుకుతుంటే మొహమాటపడకుండా ఇంట్లో చెప్పండి, బళ్లో చెప్పండి. అది చాడీ చెప్పడం కాదు.

— ప్రధానోపాధ్యాయుడు